చవితి మర్నాటి లెక్క

మా మావయ్యగారి మంచం కింద ఒక రేకు పెట్టె ఉంది. అందులో 29 పంచాంగాలు. 1997 నాటి ఈశ్వర నుంచి 2025 నాటి విశ్వావసు దాకా ఒక్కటీ పోలేదు. ప్రతి పంచాంగం వెనక అట్ట లోపలివైపు పెన్సిలుతో 'గూ' అని రాసి, పక్కన ఒక అంకె వేసి ఉంటుంది. ఈ ఇంటికి కోడలిగా వచ్చిన కొత్తలో అదేదో అప్పుల పద్దు అనుకున్నాను. తర్వాత తెలిసింది, అవి మా ఊర చెరువు గట్టు చింతల మీద ఆ ఏడు కొంగలు పెట్టిన గూళ్ళని.

మా ఊరు ముమ్మిడివరానికీ గౌతమి ఏటిగట్టుకీ మధ్యలో ఉంటుంది. 1996 నవంబరు 6 రాత్రి తుఫాను వచ్చేదాకా చెరువు గట్టు మీద ఏడు చింతలుండేవట. తెల్లారేసరికి నాలుగు మిగిలాయి. కొబ్బరి తోటలు చాపలు పరిచినట్టు పడిపోయాయి. పోయిన మనుషులు, ఎగిరిపోయిన కప్పులు, ఊరంతా ఆ దుఃఖంలోనే ఏడాది గడిచింది. మరుసటి ఏడాది వానలకి మావయ్యగారు గట్టు మీద నిలబడి, ఈ కొంగలు మళ్ళీ వస్తాయా రావా అని చూశారట. వచ్చాయి. 11 గూళ్ళు. అదే మొదటి అంకె.

అప్పట్నుంచి ఏటా వినాయక చవితి మర్నాడు పొద్దున్నే లెక్క. లాల్చీ కుడి జేబు నిండా చింతగింజలు పోసుకుంటారు. చెట్టు చుట్టూ తిరుగుతూ, గూడు కనబడినప్పుడల్లా ఒక గింజ ఎడమ జేబులోకి. ఇంటికొచ్చి అరుగు మీద గింజలు పోసి, పదేసి కుప్పలు పెట్టి, అంకె రాస్తారు. గూళ్ళలో ఎక్కువ నత్తగుల్ల కొంగలవి. ముక్కు మూసినా మధ్యలో సందు కనబడుతుందే, ఆ కొంగ. మా వరిచేలల్లో నత్తల్ని ఏరుకు తింటుంది కాబట్టి రైతులెవరూ దాన్ని తోలరు. మిగతావి తెల్లకొంగలు, నీటికాకులు, చింతవక్కలు.

2023లో, అంటే శోభకృత్ నాడు, అంకె 96కి పడిపోయింది. అంతకు మూడేళ్ళ ముందు శార్వరిలో 212. సరిగ్గా అప్పుడే చెరువు రోడ్డు వెడల్పు చేసే మాట వచ్చింది. రెండు చింతలు కొట్టేయాలన్నారు. రెట్టల కంపు భరించలేకపోతున్నామని గట్టు పక్క ఇళ్ళవాళ్ళు ఎప్పట్నుంచో అంటూనే ఉన్నారు, వాళ్ళ బాధా నిజమే. అయితే నన్ను కుదిపేసింది మాత్రం ఒక పెద్దమనిషి మాట: "మీ మావయ్య లెక్క ప్రకారమే కొంగలు సగానికి సగం తగ్గిపోయాయి. ఎలాగూ పోయేవాటికి చెట్లెందుకమ్మా?" మావయ్యగారు ఆ రాత్రి అన్నం సరిగా తినలేదు. తను ప్రేమతో రాసుకున్న అంకె ఆ చెట్లకే గొడ్డలై వచ్చింది. "అధికమాసం వచ్చిన ఏడు కొంగలకి అచ్చిరాదమ్మాయ్, నందనలోనూ ఇంతే, మన్మథలోనూ ఇంతే" అన్నారు. ఆ మాట నా చెవిలో ఉండిపోయింది.

నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్ని. ఇంటి నుంచే పని. తప్పెక్కడుందో వెతకడం నా ఉద్యోగం. మా మరిది పెళ్ళిళ్ళకి డ్రోన్ తిప్పుతాడు, పైలట్ సర్టిఫికెట్ కూడా ఉంది. "వదినా, కొంగలకి కూడా పెళ్ళి వీడియోనా?" అన్నాడు గాని, ఒప్పుకున్నాడు.

డ్రోన్ ఎగరేసేముందు రెండు నెలలు చదివాను. అందులో నాకు భయం పుట్టించింది 2021 మే నెలలో కాలిఫోర్నియాలోని బోల్సా చికా అనే చోట జరిగింది. ఎవరిదో డ్రోన్ ఒక ఇసుక దిబ్బ మీద పడింది. అక్కడ గుడ్లు పొదుగుతున్న రీవ పిట్టలు వేల సంఖ్యలో లేచిపోయాయి, మళ్ళీ రాలేదు. వెయ్యికి పైగా గుడ్లు ఎండలో మిగిలిపోయాయి. మన చట్టం కూడా ఈ సంగతిని తేలిగ్గా తీసుకోదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం అడవి పక్షుల గుడ్లనీ గూళ్ళనీ చెదరగొట్టడాన్ని వేట కిందే జమకట్టింది. డ్రోన్ నిబంధనల మ్యాప్‌లో మా ఊరు ఆకుపచ్చగానే ఉంది, 400 అడుగుల దాకా ఎగరేసుకోవచ్చు. కానీ ఆకాశానికి అనుమతి ఉంటే గూటికి అనుమతి ఉన్నట్టు కాదు. అటవీశాఖ వాళ్ళకి అర్జీ పెట్టుకుని, వాళ్ళు సరేనన్నాకే మొదలుపెట్టాం.

పద్ధతి ఇదీ. చెట్లకి నూటయాభై మీటర్ల దూరంలో, బడి ఆవరణలోంచి డ్రోన్ లేస్తుంది. అక్కడే పూర్తి ఎత్తుకి వెళ్ళిపోతుంది. ఆ తర్వాత ఎత్తు మారకుండా అడ్డంగా, నెమ్మదిగా చెట్ల మీదికి వస్తుంది. పక్షుల నెత్తిన నిట్టనిలువుగా దిగడమన్నది లేదు. ఫ్రాన్సులో బాతుల మీదా, రాజహంసల మీదా చేసి 2015లో అచ్చువేసిన పరీక్షల్లో వాటిని ఎక్కువగా బెదరగొట్టింది నిలువుగా దిగడమేనని తేలింది. గద్ద కూడా అలాగే దిగుతుంది కదా. పైగా ఆ పరీక్షల్లోవి గూళ్ళ మీద ఉన్న పక్షులు కావు. అందుకని మేం ఇంకా దూరం పాటించాం. చెట్టు కొస నుంచి 60 మీటర్లతో మొదలుపెట్టి, నాలుగు వారాల్లో 40కి వచ్చాం. నేను బైనాక్యులర్స్ పెట్టుకుని గట్టు అవతల కూర్చునేదాన్ని. ఏ కొంగైనా గూటి మీంచి లేచి నిలబడి మెడ సాచిందంటే చెయ్యెత్తేదాన్ని, మా మరిది డ్రోన్ని వెనక్కి తీసుకుపోయేవాడు. రెండు సీజన్లలో మూడుసార్లు చెయ్యెత్తాల్సి వచ్చింది. అందులో ఒకటి డ్రోన్ వల్ల కాదు, నిజం గద్ద వచ్చింది.

పొద్దున్న ఆరున్నర లోపలే పని అయిపోవాలి. ఎండెక్కితే తల్లికొంగలు రెక్కలు వదులుగా పరిచి పిల్లలకి నీడ పడతాయి. అప్పుడు వాటిని లేపామా, పసిపిల్లలు ఆ ఎండకి మాడిపోతాయి. పొద్దున వెలుగు ఏటవాలుగా, మెత్తగా ఉంటుంది కాబట్టి ఫొటోలకీ మంచిదే.

40 మీటర్ల ఎత్తున ఆ కెమెరాకి ఒక పిక్సెల్ సుమారు ఒక సెంటీమీటరు. నత్తగుల్ల కొంగ పొడవు 68 సెంటీమీటర్లు, గూట్లో ముడుచుకు కూర్చుంటే తెర మీద యాభై పిక్సెళ్ళు. తెల్లటి ఒళ్ళు, నల్లటి రెక్కలు, పైనుంచి చూస్తే గుర్తుపట్టడం తేలికే. మొదటి ఆదివారం ఫొటోల్లో చెట్టు కొసల మీద అవి ముగ్గులో చుక్కల్లా కనబడితే, మావయ్యగారు లాప్‌టాప్ దగ్గరికి వచ్చి చాలాసేపు మాట్లాడలేదు. 27 ఏళ్ళుగా కింద నుంచే చూసిన చెట్టు అది.

ఇక కంప్యూటర్ లెక్క. ఫ్లోరిడా విశ్వవిద్యాలయ పరిశోధకులు తయారుచేసిన డీప్‌ఫారెస్ట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. అందులో గాలిలోంచి తీసిన ఫొటోల్లో పక్షుల్ని పట్టే మోడల్ ఒకటి. రకరకాల దేశాల ఫొటోల్లో ఒక్కో పక్షి చుట్టూ మనుషులు గీసిన రెండున్నర లక్షల చతురాల (పెట్టెల్లాంటి గీతల) నుంచి నేర్చుకున్నదది. దాన్ని మా ఫొటోల మీద నడిపితే కొంగల్ని పట్టింది, నిజమే. దాంతోపాటు ఆకుల మీద ఎండిన రెట్టల మరకల్నీ, కొమ్మకి చిక్కిన పాల ప్యాకెట్నీ, చెరువులో నీటి తళుకునీ కూడా కొంగలంది. చింతాకు సందుల్లో సగం కనబడే నీటికాకుల్ని వదిలేసింది.

దానికి మా చెట్లని నేర్పాలి. రాత్రిళ్ళు ఆఫీసు కాల్స్ అయ్యాక కూర్చుని ఒక్కో పక్షి చుట్టూ చతురం గీశాను. రకం ఒక్కటే కాదు, గూట్లో కూర్చుందా, పక్కన నిలబడిందా అని కూడా గుర్తు పెట్టాను. మనకి కావలసింది గూళ్ళు. జంటలో రెండోది పక్కనే నిలబడి ఉంటుంది, దాన్ని కూడా లెక్కేస్తే ఒక సంసారం రెండవుతుంది. నెలన్నర పట్టింది.

ఆ తర్వాత చేసిన తప్పు చెప్పాలి, ఇలాంటి పని చేసేవాళ్ళు ఇంకెవరైనా ఉంటే పనికొస్తుంది. ఫొటోల్ని చిన్న ముక్కలుగా కోసి, కలిపేసి, కొన్ని నేర్పడానికీ కొన్ని పరీక్షకీ పెట్టాను. వందకి 94 పట్టింది. ఆనందంతో ఆ రాత్రి నిద్రపట్టలేదు. రెండు రోజులకి అర్థమైంది. డ్రోన్ ఫొటోలు ఒకదాని మీదొకటి ఎక్కి ఉంటాయి. నేర్పిన ముక్కలో ఉన్న కొంగే పరీక్ష ముక్కలోనూ ఉంది. ప్రశ్నపత్రం ముందే చూపించి పరీక్ష పెట్టినట్టు. అప్పుడు మూడు చెట్లతో నేర్పి, అది ఎన్నడూ చూడని నాలుగో చింతతో పరీక్ష పెట్టాను. 78 వచ్చింది. ఆ 78 నిజం. దాని మీద నిలబడి పనిచేయొచ్చు. ఇప్పటికీ మోడల్ గీసిన ప్రతి చతురాన్నీ నేను కళ్ళతో చూస్తాను. ఏడు గంటల పనిని అది గంటన్నర చేసింది, అంతవరకు దానికి దండం పెడతాను.

ఫొటోలన్నీ అతికించి ఒకే పెద్ద పటం చేయడం కూడా మానుకున్నాం. గాలికి కొమ్మ ఊగితే అతుకు దగ్గర ఒకే కొంగ రెండుసార్లు పడుతుంది. చెట్టుకొక్క ఫొటో, నడినెత్తి నుంచి తీసినది, అంతే.

ఆస్ట్రేలియాలో అడిలైడ్ దగ్గర సముద్రతీరంలో ప్లాస్టిక్ బాతుల్ని పరిచి, ఎన్ని ఉన్నాయో తెలిసిన ఆ గుంపుని బైనాక్యులర్లతో మనుషులూ, డ్రోన్ ఫొటోలతో మనుషులూ లెక్కపెట్టిన ప్రయోగం 2018లో అచ్చయింది. డ్రోన్ ఫొటోల లెక్కే నిజానికి దగ్గరగా వచ్చింది. అది చదివి నేను మావయ్యగారి లెక్క కన్నా మాదే ఖాయమని లోపల్లోపల అనుకున్న మాట దాచను. కానీ ఇసుక మీద బాతు వేరు, చింత గుబురులో గూడు వేరు. ఆటపాక వెళ్ళి చూసినప్పుడు ఆ తేడా ఇంకా బాగా తెలిసింది. అక్కడ కొల్లేటి ఒడ్డున గూడబాతులకీ ఎర్రకాళ్ళ కొంగలకీ నీళ్ళలో ఇనప స్టాండ్లు కట్టించారు. ఆకు లేదు, కొమ్మ లేదు, గూడు పళ్ళెంలో పెట్టినట్టు ఉంటుంది. మా గట్టు అలా కాదు.

అందుకని 2024 ఆగస్టులో రెండో చింత దగ్గర ఒక పరీక్ష చేశాం. పైనుంచి తీసిన ఫొటో పెద్ద కాగితం మీద ప్రింటు తీయించాను. నేను ఫొటోలో గుర్తించిన గూళ్ళు 41. అదే పొద్దున మావయ్యగారు ఫొటో చూడకుండా కింద నుంచి లెక్కపెట్టినవి 34. తర్వాత ఇద్దరం చెట్టు కింద నిలబడి కొమ్మ కొమ్మా పోల్చుకున్నాం. రెండు లెక్కల్లోనూ ఉన్నవి 25. అంటే ఆయన చూసిన తొమ్మిది గూళ్ళు డ్రోన్‌కి కనబడలేదు. నడిమి కొమ్మల్లో, ఆకు గొడుగు కింద ఉన్నాయవి. ఎక్కువ చింతవక్కలవి. పేరులోనే చింత ఉన్న పక్షి, చింతలో దాక్కోవడం దానికి ఎవరూ నేర్పక్కర్లేదు.

చెరువులో కొన్ని చేపలకి గుర్తు పెట్టి వదిలి, మళ్ళీ వల వేసినప్పుడు గుర్తున్నవి ఎన్ని పడ్డాయో చూసి మొత్తం లెక్క తేల్చే పాత సూత్రమే ఇక్కడా పనికొస్తుంది. 41ని 34తో గుణించి 25తో భాగిస్తే దాదాపు 56. ఇద్దరం కలిసి చూసినవి 50. మరో ఆరు గూళ్ళు ఇద్దరి కంటా పడలేదన్నమాట. ఆ ఆరు కూడా తక్కువ అంచనాయే కావచ్చు, ఎందుకంటే బాగా లోపల ఉన్న గూడు పైవాడికీ కిందవాడికీ ఇద్దరికీ కష్టమే. ఈ లెక్క చెప్పినప్పుడు మావయ్యగారు అడిగిన ప్రశ్న ఒక్కటే: "అయితే నా తొమ్మిదీ నీ పెట్టెలో ఎక్కించావా?" ఎక్కించాను.

అసలు సంగతి వారం వారం లెక్కలో బయటపడింది. 2024లో జులై 14న పైనుంచి 62 గూళ్ళు. ఆగస్టు 11న 188, అదే గరిష్ఠం. ఆగస్టు 25న 170. సెప్టెంబరు 1 ఆదివారం ఎగరేయలేదు, బుడమేరు విజయవాడని ముంచిన వానలు మా దగ్గరా ఆగలేదు. సెప్టెంబరు 8న 121. సెప్టెంబరు 22న 64. కొంగలేవీ చచ్చిపోలేదు. పిల్లలు ఎదిగి గూళ్ళు దిగాయి. ఖాళీ గూళ్ళ పుల్లల్ని ఆలస్యంగా వచ్చిన జంటలు పీక్కుపోయాయి. 2025లోనూ ఆ వంపే. ఆగస్టు 10న 203, సెప్టెంబరు మూడో వారానికి మూడో వంతు.

అంటే ఏ తారీఖున లెక్కపెట్టామన్నదాన్ని బట్టి అదే గట్టు, అదే ఏడు, మూడు రెట్లు మారుతుంది. అప్పుడు రేకు పెట్టె బయటికి లాగాను.

పంచాంగాల్ని ఏడాది వరసలో కాకుండా చవితి తారీఖు వరసలో నేల మీద పేర్చాను. 2020 శార్వరి, చవితి ఆగస్టు 22న, గూళ్ళు 212. 2009 విరోధి, ఆగస్టు 23, 187. 2017 హేవిళంబి, ఆగస్టు 25, 201. ఇటు చివర 2015 మన్మథ, సెప్టెంబరు 17, 104. 2023 శోభకృత్, సెప్టెంబరు 18, 96. 2012 నందన, సెప్టెంబరు 19, 88. గది ఆ చివర పెద్ద అంకెలు, ఈ చివర చిన్న అంకెలు. కొంగలు తగ్గలేదు. చవితి ఆలస్యంగా వచ్చింది. అధికమాసం పడితే పండగ నెల రోజులు వెనక్కి జరుగుతుంది, కొంగపిల్ల ఎదుగుదల జరగదు.

నా చేతిలో ఉన్నది రెండేళ్ళ వంపే. వానలు ఆలస్యమైన ఏడు అది అటూ ఇటూ కదలొచ్చు. అయినా 96 అన్న అంకెని పట్టుకుని చెట్లు కొట్టేయమనడానికి ఇక వీల్లేదని మాత్రం గట్టిగా చెప్పగలను. కాగితాలన్నీ పట్టుకెళ్ళి చెప్పాను కూడా. రోడ్డు సంగతి ఇంకా తేలలేదు. చెట్లు నిలబడే ఉన్నాయి. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫానుకి రావి కొమ్మ ఒకటి విరిగింది, చింతలకి ఏమీ కాలేదు.

ఈ లెక్కల మీద నాకింత పట్టుదల ఎందుకో ఇంట్లోవాళ్ళకి కూడా అప్పుడప్పుడు అర్థం కాదు. పక్షి శాస్త్రవేత్త నీలకంఠన్ గారు 1946లో కొల్లేటి ప్రాంతంలో గూడబాతుల పెద్ద కాలనీ చూశారు, దాదాపు 3000 పక్షులు. 1970ల నడిమికి అక్కడ ఆ కాలనీ లేకుండా పోయింది. ఆ మధ్య ఏ ఊరి మావయ్య అయినా చింతగింజలతో ఏటేటా ఒక అంకె రాసి ఉంటే, ఎప్పుడు తగ్గడం మొదలైందో ఈపాటికి మన చేతిలో ఉండేది కదా అనిపిస్తుంది. మన డెల్టాలో ఇలాంటి చెరువు గట్లు ఎన్నో. కోరంగి మడ అడవులకి జనవరిలో నీటిపక్షుల గణనకి వచ్చేవాళ్ళు ఉన్నారు. శ్రావణంలో ఊరి చింతల కింద నిలబడేవాళ్ళు కావాలి.

పోయిన ఆదివారం మావయ్యగారికి ఆ పంచాంగాల వరస చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని నేల మీదే కూర్చున్నారు. ఆ చివర నుంచి ఈ చివరికి చూసి, శార్వరి దగ్గర ఆగారు.

"అమ్మాయ్, ఇందులోనూ అధికమాసం ఉంది కదా. మరి 212 ఎలా వచ్చాయి?"

నేను జవాబు వెతుక్కునేలోపే పంచాంగం తిప్పి ఆయనే అన్నారు. "ఆయ్, అది అధిక ఆశ్వయుజం. చవితి అయిపోయాక వచ్చింది." కాసేపు ఊరుకున్నారు. "అయితే కొంగల తప్పేం లేదు. నేను చంద్రుణ్ణి పట్టుకుని లెక్కపెట్టాను. అవి వానని పట్టుకుని గూడు కడతాయి. వాన కార్తెది, కార్తె సూర్యుడిది. నాట్లకీ కోతకీ కార్తె చూసుకునేవాణ్ణి, ఇన్నేళ్ళూ దీనికి చూడాలని తట్టలేదు చూడు."

ఆగస్టు 11, ఆగస్టు 10, రెండూ ఆశ్లేష కార్తెలోనివే. నేను రెండేళ్ళు డ్రోన్ తిప్పి కనిపెట్టిన తారీఖు ఆయన నోట ఒక్క మాటలో వచ్చింది. 2026లో అధిక జ్యేష్ఠం, చవితి సెప్టెంబరు 14న. ఆశ్లేష మాత్రం ఎప్పట్లాగే ఆగస్టు మొదటి వారంలో వస్తుంది. చవితి లెక్క మానొద్దని, కొన్నేళ్ళు రెండూ కలిపి నడిస్తేనే పాత అంకెల్ని కొత్తవాటితో పోల్చుకోగలమని చెప్పాను. తలూపారు.

తర్వాత విశ్వావసు పంచాంగం తీసి, వెనక అట్ట మీద చవితి మర్నాటి 158ని అలాగే ఉంచి, దాని కింద పెన్సిలుతో రాశారు: 'గూ. ఆశ్లేష. 203. పైనుంచి.' ఆ 'పైనుంచి' కింద రెండు గీతలు గీశారు.